పాత కట్టడానికి కొత్త విభాగం: రివ్యూ రాసేటప్పుడు ఏం చూడాలి?

పాతగోడ:
అందరికీ నమస్కారం. పంతొమ్మిదో శతాబ్దపు రాతి గ్రంథాలయం ఒకదానికి వెనకవైపు గాజు, స్టీలుతో కొత్త విభాగం కలిపారు. దాని మీద రివ్యూ రాయాలి. ఇలాంటి కట్టడాల మీద వచ్చిన రివ్యూలు కొన్ని చదివాను. కొందరు "పాతకొత్తల అద్భుత కలయిక" అంటారు, కొందరు "చరిత్ర మీద మచ్చ" అంటారు. రెండిట్లోనూ రాసినవాళ్ల ఇష్టాయిష్టాలు తెలుస్తాయి గానీ కట్టడం సంగతి తెలియదు. లోపలికి ఎటు నుంచి వెళ్తున్నారు, పాత హాల్లో వెలుతురు పెరిగిందా తగ్గిందా, పాత గోడకి ఏమైంది, ఇవేవీ ఉండవు. మీరైతే ముందు ఏం చూస్తారు? కొత్తది పాతదానిలా ఉండాలా, వేరుగా ఉండాలా అన్న ప్రశ్నతోనే మొదలుపెట్టాలా?

గీతలు:
అక్కడి నుంచే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. పాత కట్టడాల సంరక్షణకి నియమాలు చెప్పే అంతర్జాతీయ పత్రం, 1964 నాటి వెనిస్ చార్టర్, దీని మీద స్పష్టంగా మాట్లాడింది. పునరుద్ధరణలో తప్పనిసరిగా చేసే కొత్త పని పాతదాని నుంచి విడిగా తెలియాలని, దాని మీద ఈ కాలపు ముద్ర ఉండాలని 9వ అధికరణం చెబుతుంది. కట్టడంలోని విలువైన భాగాలు, దాని పరిసరాలు, కూర్పులోని సమతూకం దెబ్బతినకపోతేనే కొత్తవి కలపనివ్వాలని 13వ అధికరణం చెబుతుంది. నకలు కట్టి చూసేవాళ్లని భ్రమపెట్టకూడదన్నది దీని వెనకున్న నిజాయితీ.

పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం పిరమిడ్ చూడండి. ఐ. ఎమ్. పేయ్ డిజైన్ బయటికి రాగానే పెద్ద గొడవ జరిగింది. 1985లో ప్రాంగణంలో కేబుళ్లు లాగి, పిరమిడ్ ఎంత ఎత్తు వస్తుందో అసలు సైజులో జనానికి చూపించారు. 1989లో తెరిచారు. ఎత్తు 21 మీటర్ల పైచిలుకే, చుట్టూ ఉన్న రాజభవనం కంటే తక్కువ. గాజు ఆకుపచ్చగా కనిపిస్తే వెనకున్న రాతి రంగు మారిపోతుందని, ఏ రంగూ లేని గాజు ప్రత్యేకంగా చేయించారు. పిరమిడ్‌ని పాతదని పొరబడేవాళ్లు ఎవరూ ఉండరు, అయినా పాతదాన్ని చూడనిస్తుంది.

ఇటుక:
గీతలు గారూ, "ఈ కాలపు ముద్ర" అన్న మాటని చాలామంది "ఎంత భిన్నంగా ఉంటే అంత గొప్ప" అని చదువుకున్నారు. అక్కడే చెడింది. టొరంటోలో రాయల్ ఒంటారియో మ్యూజియానికి 2007లో డేనియల్ లిబెస్కిండ్ కట్టిన "క్రిస్టల్" విభాగం ఉంది కదా. పాత రాతి భవనంలోంచి పదునైన కోణాలతో లోహపు ముక్కలు పొడుచుకొచ్చినట్టు ఉంటుంది. విడిగా తెలియడంలో దానికి నూటికి నూరు. కానీ లోపల గోడలన్నీ వాలుగా ఉంటాయి. మ్యూజియం గోడకి వస్తువు తగిలించాలి, దాని ముందు అల్మరా పెట్టాలి. వాలు గోడ దగ్గర ఆ రెండూ కష్టం, గోడ పక్కన నేల కూడా వృథా. ఇప్పుడు ఆ మ్యూజియం ప్రవేశాన్ని, లోపలి దారుల్ని మార్చే పెద్ద పని పెట్టుకుంది. నా దృష్టిలో భిన్నంగా ఉండటం దానంతటదే గుణం కాదు. 9వ అధికరణం ఒక్కటే చదివి 13వది వదిలేసినవాళ్లు ఎక్కువయ్యారు.

గీతలు:
ఇటుక గారూ, అదే ఆర్కిటెక్ట్ డ్రెస్డెన్‌లో సైనిక చరిత్ర మ్యూజియానికి కట్టినది కూడా పక్కన పెట్టి చూడండి. 2011లో తెరిచారు. పాత ఆయుధాగారాన్ని మేకు ఆకారంలో ఉన్న లోహపు విభాగం ఒకటి అడ్డంగా చీల్చుకుని బయటికొస్తుంది. 1945 ఫిబ్రవరిలో ఆ ఊరి మీద బాంబులు పడటం మొదలైన దిక్కును చూపిస్తుంది. యుద్ధం గురించి చెప్పే మ్యూజియం కాబట్టి ఆ చీలికకి అక్కడ పని ఉంది. సైన్యం గొప్పల కోసం కట్టిన గంభీరమైన ఎలివేషన్‌ని అలాగే వదిలేసి ఉంటే యుద్ధం గురించి అబద్ధం చెప్పినట్టు ఉండేది. చేయి అదే, కోణాలూ అవే, ఫలితం వేరు. తప్పు భిన్నత్వంలో లేదు.

ఇటుక:
ఒప్పుకుంటాను. అయితే చూడాల్సింది పోలికా తేడానా అన్నది కాదు. ఆ తేడా ఏ పని కోసం అన్నది చూడాలి. పాతగోడ గారి ప్రశ్నకి నా జవాబు ఇది: కొత్తది ఎందుకు కట్టారో ముందు తెలుసుకోండి.

సున్నంబట్టీ:
నేను పాత కట్టడాల మరమ్మతు పనుల్లో ఉంటాను. మీరంతా ఎలివేషన్ గురించి మాట్లాడుతున్నారు. నేనైతే కొత్త గోడ పాత గోడని తాకే చోటికి తిన్నగా వెళ్తాను. మంచిచెడ్డలు సగం అక్కడే ఉంటాయి.

మొదటిది పునాది. పాత కట్టడం వందేళ్ల క్రితమే కుంగాల్సినంత కుంగి కుదురుకుంది. కొత్తది మొదటి కొన్నేళ్లు కుంగుతుంది. రెండిట్నీ గట్టిగా కట్టేస్తే కొత్తది కిందికి దిగుతూ పాతదాన్ని లాగుతుంది, పగులు పాత గోడలో వస్తుంది. అందుకే మధ్యలో కదలికకి ఖాళీ వదలాలి, దాన్ని సాగే పదార్థంతో మూయాలి. మంచి పనిలో ఆ ఖాళీ సన్నటి నీడగీతలా పై నుంచి కింద దాకా తిన్నగా కనిపిస్తుంది. ఎక్కడైనా దాన్ని గారతో పూడ్చేసి ఉంటే అక్కడ ఆగి చూడండి.

రెండోది తేమ. సున్నంతో కట్టిన రాతి గోడ తేమ పీల్చుకుంటుంది, తిరిగి వదిలేస్తుంది. అలా వందేళ్లు బతికింది. దాని పక్కన సిమెంట్ పూత పూసినా, నీరు పట్టని పొర అంటించినా ఆ తేమకి బయటికి దారి ఉండదు. పైకి ఎక్కుతుంది, లేదంటే పక్కనున్న రాయిలోంచి వస్తుంది. వచ్చేటప్పుడు ఉప్పుని మోసుకొస్తుంది. తెల్లటి పొడి కనిపిస్తుంది, తర్వాత రాయి పైపొర పెచ్చులుగా ఊడుతుంది. కొత్త విభాగం ఎంత అందంగా ఉన్నా పాత గోడ అడుగున ఆ తెల్ల పొడి కనిపిస్తే నేను మార్కులు వేయను.

మూడోది వాన నీరు. కొత్త కప్పు మీద పడిన నీరు ఎటు పోతోంది? గాజు కప్పు చుక్క నీరు తాగదు, పడిందంతా ఒకేసారి జారుతుంది. దాన్ని పాత గోడ వైపు వాలిస్తే, ఎప్పుడూ మోయనంత నీరు ఆ గోడ మోయాలి. కప్పు, గోడ కలిసే చోట నీరు దిగకుండా గోడలోకి దూర్చిన రేకు సరిగ్గా కూర్చోకపోతే నీరు లోపలికే.

నాలుగోది అందరూ మరిచిపోయేది. నిన్నటి వరకు బయట ఎండా వానా చూసిన గోడ, కొత్త విభాగం వచ్చాక లోపలి గోడ అయిపోతుంది. ఒకవైపు ఏసీ, ఇంకోవైపు పాత గది. అది ఎండే తీరే మారిపోతుంది. దీని గురించి ముందే ఆలోచించారా లేదా అని తప్పకుండా అడగండి.

గీతలు:
సున్నంబట్టీ గారూ, రాయిలో లోహం సంగతి కూడా చెప్పండి. ఏథెన్స్‌లోని ప్రాచీన గ్రీకు గుడి పార్థినాన్ దగ్గర జరిగింది అందరికీ తెలియాల్సింది.

సున్నంబట్టీ:
అవును. ప్రాచీన గ్రీకు మేస్త్రీలు పాలరాతి దిమ్మెలని ఇనుప కడ్డీలతో బిగించేటప్పుడు వాటి చుట్టూ సీసం పోసేవారు, తుప్పు పట్టకుండా. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నికొలావోస్ బలానోస్ ఆధ్వర్యంలో మరమ్మతు చేసినప్పుడు కొత్త ఇనుము ఆ సీసం లేకుండా పెట్టారు. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది. ఉబ్బి పాలరాతిని లోపల్నుంచి చీల్చేసింది. 1975లో ఏర్పడిన కమిటీ చేయించిన పనుల్లో ఆ ఇనుము తీసేసి టైటానియం పెడుతూ వచ్చారు. ఇందులో నాకు ముఖ్యంగా కనిపించేది టైటానియం కాదు. వెనక్కి తీయగలిగారా లేదా అన్నది. కొత్త విభాగాన్ని పాత గోడకి బోల్టులతో బిగించారా, రాతిని కోసి అందులో కాంక్రీట్ పోశారా? రేపు ఎవరైనా ఈ కొత్తదాన్ని తీసేయాలనుకుంటే పాతది పాతదిగా మిగులుతుందా? రివ్యూలో ఈ ప్రశ్న అడిగేవాళ్లు దాదాపు లేరు.

పాతగోడ:
చాలా ఉపయోగపడింది సున్నంబట్టీ గారూ. కానీ పాఠకులకి గోడలో తేమ గురించి రెండు పేజీలు రాస్తే చదువుతారా అని టెన్షన్. పైగా ఆ జాయింట్లు చాలావరకు మామూలు చూపుకి ఆనవు.

సున్నంబట్టీ:
ఆనతాయండీ, చూడాల్సిన ఎత్తులో చూడాలంతే. నేల నుంచి మోకాలి ఎత్తు వరకు, చూరు కింద, రెండు కప్పులు కలిసే మూల, ఈ మూడు చోట్లా. రాసేటప్పుడు తేమ గురించి పాఠం చెప్పక్కర్లేదు. వాళ్లు దేన్ని చూశాక నమ్ముతారో అదొక్కటి చూపించండి.

మెట్లదారి:
నేను వీల్‌చెయిర్‌లో తిరుగుతాను. పైన ఇటుక గారు "ఎందుకు కట్టారో తెలుసుకోండి" అన్నారు, ఆ మాట పట్టుకుంటున్నాను. పాత ప్రభుత్వ భవనాల్ని చాలావరకు ఎత్తైన అరుగు మీద, ముందు మెట్ల వరసతో కట్టారు. ఆ గంభీరత కోసం నాలాంటివాళ్లు బయటే ఉండిపోయారు. కొత్త విభాగం కట్టడానికి అసలు కారణం చాలాసార్లు లిఫ్టు, బాత్రూములు, అగ్ని ప్రమాదంలో తప్పించుకునే మెట్లు. వీటిని పాత హాల్లోనే పెడితే పాత నేల, పాత కప్పు పగలగొట్టాలి. బయట కొత్తగా కడితే పాతది బతుకుతుంది. అంటే మంచి కొత్త విభాగం పాతదాని మీద పడాల్సిన దెబ్బని తను తీసుకుంటుంది.

నేను చూసేది ఒక్కటే. అందరూ వచ్చే తలుపు నుంచే నేనూ వస్తానా, లేక పక్క సందులోంచి, చెత్త డబ్బాల పక్కనుంచి రమ్మంటారా? లూవ్ర్ పిరమిడ్‌లో దిగే మెలిక మెట్లు అందరి ఫోటోల్లోనూ ఉంటాయి. ఆ మెలిక మధ్యలో పైన మూత లేని గుండ్రటి లిఫ్టు ఒకటి లేచి దిగుతుంది. నడవలేనివాళ్లు అందరి ఎదుటే, ఆ వెలుగులోనే దిగుతారు. దాచిపెట్టిన లిఫ్టుకీ దీనికీ ఉన్న తేడా నాకు చాలా పెద్దది. పాతగోడ గారూ, మీ రివ్యూలో తలుపు దగ్గర నుంచి పాత చదివే హాలు దాకా ఒక్క మెట్టు లేకుండా వెళ్లగలమా లేదా అన్నది రాయండి.

నీడ:
మెట్లదారి గారి మాటకి నా పూర్తి మద్దతు. నేను వెలుతురు గురించి చెప్తాను.

బెర్లిన్‌లో జర్మనీ పార్లమెంట్ భవనం రైఖ్‌స్టాగ్ మీద 1999లో పూర్తయిన నార్మన్ ఫోస్టర్ గాజు గుమ్మటం ఎలివేషన్ కోసం పెట్టిన కిరీటం అనుకుంటారు చాలామంది. దాని మధ్యలో అద్దాలు తొడిగిన శంకువు ఒకటి కిందికి దిగుతుంది. అది పగటి వెలుతురుని కింద పార్లమెంట్ హాల్లోకి పంపుతుంది, హాల్లోని వేడి గాలి అందులోంచే పైకి పోతుంది. ఎండ నేరుగా సభ్యుల కళ్లలో పడకుండా ఒక తెర సూర్యుడితో పాటు తిరుగుతుంది. జనం సర్పిలాకారపు ర్యాంపు మీద, తమ ప్రతినిధుల నెత్తి మీదుగా నడుస్తారు. అక్కడ కూడా మెట్లు లేవు, మెట్లదారి గారూ. లోపల గోడల మీద 1945లో సోవియట్ సైనికులు గీసిన రాతల్ని చెరపకుండా ఉంచారు. పాతదానికి వెలుతురు, గాలి, జ్ఞాపకం మూడూ ఇచ్చిన పని అది.

లండన్ బ్రిటిష్ మ్యూజియం గ్రేట్ కోర్ట్ కూడా ఫోస్టర్ వాళ్లదే, 2000లో తెరిచారు. మధ్యలో గుండ్రటి చదివే గది, చుట్టూ దీర్ఘచతురస్రపు ప్రాంగణం. ఆ ప్రాంగణమంతా ఒకప్పుడు పుస్తకాల గిడ్డంగి. బ్రిటిష్ లైబ్రరీ వేరే చోటికి వెళ్లాక దాన్ని ఖాళీ చేసి పైన గాజు కప్పు వేశారు. గుండ్రటి గోడ నుంచి దీర్ఘచతురస్రపు అంచుకి వెళ్లే కప్పు కాబట్టి 3,312 గాజు పలకల్లో ఏ రెండూ ఒకేలా ఉండవు. ఆ కప్పు కింద నిలబడితే పాత గోడల మీద పడే నీడలు గంటగంటకీ మారతాయి. మ్యూజియం అంతా గది తర్వాత గది దాటుకుంటూ నడవాల్సిన అవసరం పోయింది, మధ్యలోంచి ఎటైనా వెళ్లొచ్చు.

ఇటుక:
నీడ గారూ, అదే ప్రాంగణంలో దక్షిణం వైపు ముఖమండపం సంగతి కూడా చెప్పాలి. పాతది ఎప్పుడో కూల్చేశారు, దాన్ని పాత పద్ధతిలో తిరిగి కట్టారు. పోర్ట్‌లాండ్ రాయి వాడాలని ఒప్పందం. కట్టాక చూస్తే ఫ్రాన్స్ నుంచి వచ్చిన సున్నపురాయి. చుట్టూ ఉన్న మూడు వైపుల కంటే తెల్లగా, వేరుగా కనిపించి పత్రికల్లో పెద్ద గొడవైంది. గాజు కప్పు మీద పెద్దగా ఫిర్యాదు రాలేదు, అది పాతదిగా నటించలేదు కాబట్టి. నటించిన భాగమే దొరికిపోయింది. నకలు కడితే రాయి గనితో సహా సరిపోవాలి, లేకపోతే కట్టకూడదు.

శిలాలేఖ:
ఇక్కడ నాకు కొంచెం అభ్యంతరం. "నకలు", "నటన" అన్న మాటలు అన్ని చోట్లా సరిపోవు. శ్రీరంగం రాజగోపురం విజయనగర కాలంలో మొదలై అర్ధాంతరంగా ఆగిపోయింది. 1987లో పూర్తయింది. ఇవాళ 13 అంతస్తులతో సుమారు 72 మీటర్ల ఎత్తులో ఉంది. పై భాగాన్ని గాజు, స్టీలు కనిపించే ఈ కాలపు రూపంలో కట్టలేదు, అదే శిల్ప సంప్రదాయంలో పూర్తి చేశారు. ఆ పని తెలిసిన స్థపతులు ఇంకా ఉన్నారు, ఆ గుడిలో పూజ ఇప్పటికీ జరుగుతోంది. దాన్ని నకలు అనగలమా? పని తీరు తెగిపోని చోట కొత్తది పాతదానికి కొనసాగింపు. జపాన్‌లో ఇసె మందిరాన్ని ఇరవయ్యేళ్లకోసారి పూర్తిగా కొత్తగా కడతారు. అందుకే 1994లో జపాన్‌లోని నారాలో నిపుణులు రాసిన నారా పత్రం ఏది అసలైనదో ఆ సంస్కృతి లోపల నిలబడి తేల్చాలని చెప్పింది. వెనిస్ చార్టర్ ఒక్కటే కొలబద్ద కాదు.

గీతలు:
శిలాలేఖ గారూ, నారా పత్రం సంగతి సరే. కానీ దాన్ని అడ్డం పెట్టుకుని పాత ఎలివేషన్ నకలుని కాంక్రీట్‌తో పోత పోసేవాళ్లూ ఉన్నారు. మేస్త్రీ చేయి లేదు, ఆకారం మాత్రం ఉంది. మీరు చెప్పిన కొనసాగింపుకి పని తెలిసిన మనిషి ఉండాలి.

శిలాలేఖ:
నేను అంటున్నదీ అదే. రివ్యూలో "పాత శైలిలో కట్టారు" అని రాసి ఊరుకోకూడదు, ఆ పని ఎవరు చేశారో రాయాలి. పారిస్ నోత్ర్ దామ్ చర్చి 2019లో కాలిపోయాక కొత్త శిఖరం ఈ కాలపు డిజైన్‌లో ఉండాలని చాలామంది ప్రతిపాదించారు. 2020లో ఉన్నదున్నట్టుగా కట్టాలని తేల్చారు, 2024 డిసెంబర్‌లో తెరిచారు. ఓక్ దూలాల్ని గొడ్డలితో చెక్కే వడ్రంగులు దొరికారు కాబట్టి అది నిలబడింది. ఇంకో సంగతి, అందరూ "అసలు శిఖరం" అని బాధపడినది కూడా పంతొమ్మిదో శతాబ్దంలో ఆర్కిటెక్ట్ వియొలె ల డ్యూక్ కలిపినదే. మధ్యయుగపు శిఖరాన్ని అంతకు ముందే తీసేశారు.

నీడ:
కలిపినది కూడా వారసత్వమైపోతుందన్నదానికి లండన్ నేషనల్ గ్యాలరీ సెయిన్స్‌బరీ వింగ్ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. మొదట వేరే డిజైన్ ఒకటి వచ్చింది. 1984లో ప్రిన్స్ చార్లెస్ దాన్ని బహిరంగంగా దుయ్యబట్టాక అది ఆగిపోయింది. తర్వాత రాబర్ట్ వెంచురి, డెనిస్ స్కాట్ బ్రౌన్ కట్టినది 1991లో తెరిచారు. పాత భవనపు అర్ధస్తంభాలు కొత్త గోడ మీద మొదట గుంపుగా, తర్వాత విడివిడిగా వచ్చి చివరికి మాయమవుతాయి. పోలికా ఉంది, తేడా కూడా ఉంది, మధ్యలో గీత గీయలేం. 2018లో దానికి అత్యున్నత స్థాయి రక్షణ ఇచ్చారు. అయిదేళ్లు తిరక్కుండానే లోపలి ప్రవేశ హాలుని విశాలం చేసే పని మొదలైంది. డెనిస్ స్కాట్ బ్రౌన్ స్వయంగా ఆ మార్పుని వ్యతిరేకించారు. ఆ పనిలో ఒక ఉత్తుత్తి స్తంభాన్ని పడగొడితే అందులో 1990 నాటి ఉత్తరం బయటపడింది. డబ్బిచ్చిన దాతల్లో ఒకరైన జాన్ సెయిన్స్‌బరీ రాసినది. ఏ బరువూ మోయని ఈ స్తంభాలు పెట్టడం తప్పని, ఎప్పుడో ఒకరు వీటిని తీసేస్తే సంతోషిస్తానని అందులో ఉంది.

ఇటుక:
ఆ ఉత్తరం సంగతి విన్నప్పటి నుంచీ, కొత్త విభాగాల్లో స్తంభం కనిపిస్తే ఇది ఏం మోస్తోంది అని చూస్తున్నాను. పాతగోడ గారూ, మీ గ్రంథాలయంలోనూ చూడండి. స్టీలు ఉంటే అది నిజంగా కప్పుని మోస్తోందా, అలంకారానికి తగిలించారా?

పాతగోడ:
తప్పకుండా. ఇంకొక సందేహం. కట్టడం తెరిచి ఎక్కువ రోజులు కాలేదు. అంతా కొత్తగా మెరుస్తోంది. కాలం గడిస్తే ఎలా ఉంటుందో ఇప్పుడే ఎలా చెప్పగలను?

గీతలు:
బెర్లిన్ నోయెస్ మ్యూజియం గుర్తొస్తోంది. యుద్ధంలో దెబ్బతిని దశాబ్దాలు శిథిలంగా ఉండిపోయింది. డేవిడ్ చిప్పర్‌ఫీల్డ్ నాయకత్వంలో బాగు చేసి 2009లో తెరిచారు. పాతది పాతట్టే కట్టాలని నిరసనలు జరిగాయి. వాళ్లు పోయినవాటికి నకలు చేయలేదు, దెబ్బల్నీ దాచలేదు. పెద్ద మెట్ల హాల్లో పాత మెట్ల ఆకారాన్నే ఉంచి, తెల్ల సిమెంట్, పాలరాతి ముక్కలు కలిపిన కాంక్రీట్‌లో కట్టారు, చుట్టూ గోడల్ని ఇటుక కనిపించేలా వదిలేశారు. కొత్త గోడలకి వేరే పాత కట్టడాల నుంచి తెచ్చిన ఇటుకలు వాడారు. అలాంటి పదార్థాలు వయసుతో పాటు రంగు మారతాయి, చెడవు. మీరు పదార్థాల్ని చూసి కొంత చెప్పగలరు. మెరుపు మీదే ఆధారపడిన కట్టడం అయితే ఆ మెరుపు పోయాక ఏం మిగులుతుందో ఊహించండి.

మెట్లదారి:
వయసు రాయికే కాదు, రద్దీకీ వస్తుంది. లూవ్ర్ పిరమిడ్‌ని ఏడాదికి 40 లక్షల చిల్లర మందిని లెక్కేసి కట్టారు. 2024లో 87 లక్షల మంది వచ్చారు. కింద హాల్లో రొద, వేసవిలో ఉక్క. 2025 జనవరిలో తూర్పు వైపు కొత్త ప్రవేశం కడతామని ప్రకటించారు. డిజైన్ చెడ్డదని కాదు, దాని మీద పడిన బరువు మారింది. అందుకని మీ గ్రంథాలయానికి ఎంతమంది వస్తారని లెక్క వేశారో అడగండి. రద్దీ ఉన్న వేళ ఒకసారి, లేని వేళ ఒకసారి వెళ్లండి.

సున్నంబట్టీ:
పాతగోడ గారూ, వాన పడే రోజు కూడా ఒకసారి వెళ్లండి, వీలైతే వాన ఆగిన మర్నాడు. ఏ రాయి ముందు ఆరింది, ఏది ఇంకా తడిగా ఉందో చూస్తే నీరు ఎటు పోతోందో మీకే తెలుస్తుంది. కొత్త కప్పు గాజు ఎలా తుడుస్తారో అడగండి. నిచ్చెన పెట్టే చోటుందా, తాడు కట్టుకోవడానికి కొక్కేలు పెట్టారా, లేక గోడ పైన ముందుకు పొడుచుకొచ్చిన పాత కార్నిస్ అంచు మీద కాలు పెట్టాలా? పాత కార్నిస్ మీద మనుషులు నిలబడాల్సి వస్తే అది ఎక్కువ కాలం నిలవదు, డిజైన్ చేసినవాళ్లు ఎంత పేరున్నవాళ్లయినా సరే.

ఇంకోటి. పని మొదలుపెట్టే ముందు పాత గోడల పరిస్థితిని రాసిపెట్టిన రికార్డు ఉంటుంది. పగుళ్లు ఎక్కడ, ఎంత వెడల్పు, ఫోటోలతో సహా. కొన్నిచోట్ల పగులు మీద గాజు పట్టీ అతికించి తేదీ వేస్తారు, గోడ కదిలితే పట్టీ చిట్లుతుంది. ఆ రికార్డు చూపించమని కట్టడం చూసుకునే ఇంజనీర్‌ని అడగండి. మంచి పని చేసినవాళ్లు సంతోషంగా చూపిస్తారు. దొరికితే దాన్ని పట్టుకుని గోడ వెంట నడిచి, అప్పటి పగుళ్లు ఇప్పుడెలా ఉన్నాయో ఒక్కొక్కటీ చూసి రాయండి. లేదంటే, రికార్డు లేదన్న సంగతే రివ్యూలో రాయండి.